ఉభయకుశలోపరి

మన పాత ఉత్తరాలలో దేవుని పేరు, తేదీ, సంబోధన అయిన పిమ్మట కనిపించే మొదటి మాట ‘ఉభయకుశలోపరి’. అక్కడ మీరు, ఇక్కడ మేము క్షేమం. ఇక పైన వ్రాయునది ఏమనగా, అని దాని తాత్పర్యం. పెళ్ళిమాటలయినా, పొలంగట్టు తగాదాలయినా, అప్పు తీర్చమన్న హెచ్చరికయినా దీని తరువాతనే రావలె. మామూలు రోజులలో అది కేవలం మర్యాద. చదివేవారి కన్ను దానిమీద ఆగదు. కాని ఇంటిబిడ్డ సముద్రాలకవతల యుద్ధంలో ఉన్నప్పుడు వచ్చిన ఉత్తరంలో ఆ ఒక్క మాటే అసలు విషయం. తక్కినదంతా దానికి అనుబంధం. అటువంటి ఉత్తరాలను గురించి, అవి నడిచివచ్చిన దారిని గురించి నాలుగు మాటలు మనవి చేయడం ఈ ప్రసంగం ఉద్దేశం.

తెలుగువాడు సిపాయిగా ఇల్లు విడిచిపోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో దక్షిణాది నుంచి బెంగాలుకు వెళ్ళిన కంపెనీ సిపాయిలను అక్కడివారు ‘తిలంగా’లని పిలిచారు. తెలుగుదేశపువాడు అన్న అర్థంగల ఆ మాట క్రమంగా ఉత్తరదేశమంతటా సిపాయి అన్న అర్థంలోనే స్థిరపడిపోయింది. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ వశమయింది. 1824లో మొదటి బర్మా యుద్ధం వచ్చినప్పుడు రంగూనులో దిగిన సేనలో మద్రాసు సిపాయిలు పెద్ద భాగం. అట్లా సముద్రాంతరం వెళ్ళే సిపాయి తన జీతంలో కొంత ఇంటివారికి ఇక్కడే ముట్టేటట్లు ఏర్పాటు చేసుకొనే పద్ధతి మద్రాసు సైన్యంలో కంపెనీ కాలం నుంచీ ఉన్నది. మనిషి ఓడ ఎక్కిపోయినా ఇంటి పొయ్యి ఆరిపోకూడదన్న ఆలోచన అది. ఉత్తరం కంటె ముందు ఇంటికి చేరింది జీతమే.

పందొమ్మిదవ శతాబ్దం చివరిభాగంలో ఇంగ్లీషు సేనాధిపతులకు ఒక సిద్ధాంతం పట్టుకున్నది. కొన్ని జాతులే యుద్ధానికి పుట్టినవి, దక్షిణాదివారు అందుకు తగరు, అన్నది దాని సారాంశం. ఏ తెలుగువాని పేరు సిపాయికి పర్యాయపదమయిందో ఆ తెలుగువానికే సైన్యంలో చోటు కరవైపోయింది. కొలువు దొరికినచోట కూడ అది ఎక్కువగా బాటలు వేసే పయనీరు పటాలాలలోను, వంతెనలు కట్టే మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ దళంలోను. ఆ దళానికి కేంద్రం బెంగుళూరు. అయినా 1914లోను, తిరిగి 1939లోను యుద్ధం మీదపడ్డప్పుడు ఆ సిద్ధాంతం పక్కకు పోయింది. రెండవ ప్రపంచయుద్ధంలో పంజాబు తరువాత ఎక్కువమందిని సైన్యానికిచ్చింది మద్రాసు రాజధానే. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామం నుంచి మొదటి యుద్ధానికి 90 మంది, రెండవదానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని ఆ ఊరివారు చెప్పుకుంటారు. అక్కడ వారి స్మారకస్తంభం కూడ ఉన్నది.

మన నల్లరేగడి మైదానాలలో ఇట్టి ప్రసిద్ధి పొందిన ఊళ్ళు తక్కువ. ఇక్కడినుంచి వెళ్ళినవారు ఊరికి ఒకరు, ఇద్దరు. వాన నమ్మి పత్తి వేసి, అప్పు చేసి మిరప నాటి, రెండూ చేతికి రాని సంవత్సరాన పటాలంలో చేరినవారు. సెంటు భూమి లేని కూలియింటి బిడ్డలు. మిషను బళ్ళలో నాలుగు అక్షరాలు నేర్చుకొని, ఊళ్ళో ఆ అక్షరాలకు విలువ లేక బయలుదేరినవారు. ఒంగోలు ప్రాంతం 1970 వరకు గుంటూరు జిల్లాలోనిదే గనుక, నేటి ప్రకాశం జిల్లాలోని ఆ తాలూకా గ్రామాలకు రెండు యుద్ధాలలోను వచ్చిన ఉత్తరాలమీద ‘గుంటూరు జిల్లా’ అనే ఉండేది.

ఇక ఆ ఉత్తరం పుట్టుక ఎట్టిదో చూద్దాం. 1911 జనాభా లెక్కలనాటికి మన దేశంలో చదువు వచ్చినవారు నూటికి ఆరుగురు. అందుచేత మొదటి యుద్ధకాలంలో సిపాయి ఉత్తరం సాధారణంగా సిపాయి చేతివ్రాత కాదు. పటాలంలో అక్షరం వచ్చిన తోటివాడు, ఆసుపత్రిలో పక్క మంచంవాడు, లేదా సైనికుల విడిదిలో కాగితము, కలము ఉచితంగా ఇచ్చి వ్రాసిపెట్టిన వై.యం.సి.ఏ. కార్యకర్త — వీరిలో ఎవరో ఒకరు వ్రాసేవారు. భార్యతో చెప్పుకోవలసిన మాట మొదట ఒక పరాయివాని చెవిలో వేయవలసివచ్చేది. సైన్యంలో చదువు చెప్పే ఏర్పాటు ఉన్నది గాని, అది ఇంగ్లీషు లిపిలో వ్రాసే ఉర్దూ. హుకుములు తెలుసుకోవడానికి అది పనికివచ్చేది. అమ్మకు ఉత్తరం వ్రాయడానికి పనికిరాదు.

వ్రాసిన ఉత్తరం తిన్నగా ఇంటికి రాదు. దారిలో దానిని చదివేవాడు మరొకడున్నాడు. ఫ్రాన్సు యుద్ధరంగంలో భారతసైనికుల ఉత్తరాలను పరిశీలించడానికి బొలోన్ రేవులో ఒక కార్యాలయం నెలకొల్పి హోవెల్ అనే అధికారిని నియమించారు. 1915 మార్చి నాటికి మనవారు అక్కడినుంచి వారానికి 10 వేల నుంచి 20 వేల దాకా ఉత్తరాలు వ్రాస్తూ ఉండేవారు. పరిశీలకులు ఏరిన ఉత్తరాల భాగాలను ఇంగ్లీషులోకి అనువదించి వారం వారం నివేదికలు పంపేవారు. ఏ ఊళ్ళో ఉన్నదీ, ఏ దిక్కుకు కదలబోతున్నదీ, ఎంతమంది కూలిందీ వ్రాయరాదు. తన ఉత్తరం చదువుతున్నారన్న సంగతి సిపాయికీ తెలుసు. అందుకని గూఢభాష పుట్టింది. వానిలో ఒకటి గుంటూరు మిర్చి తినేవారు వినదగినది. నల్ల మిరియాలు అయిపోయినవి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు, కాని నల్లవాని ఘాటు ఎర్రవానికి లేదు, అన్న అర్థంలో ఒక సిపాయి ఇంటికి వ్రాశాడు. మన జిల్లావాడెవడైనా చూస్తే ఇది కల్లంలోని సరుకు బేరమనుకుంటాడు. నల్ల మిరియాలంటే భారతసైనికులు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సైనికులు. ముందు మనవారిని ముందువరుసకు పంపి నష్టపరచి ఇప్పుడు తెల్లవారిని దింపుతున్నారని ఆ వంటింటి మాటలకు అర్థం. పరిశీలకుడు ఆ గూఢార్థాన్ని పట్టుకోగలిగాడు. పట్టుకొని అనువదించి దాచబట్టే అది నేడు మనకు తెలిసింది.

ఇక్కడ ఒక విషయం గమనించవలె. హోవెల్ కార్యాలయంలో తయారైన ఆ నివేదికలు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నవి. పండితులు వానిని పరిశోధించి గ్రంథాలు ప్రచురించారు. కాని ఫ్రాన్సులో ఉన్నది హెచ్చుగా ఉత్తరాదివారు. కనుక ఆ ఉత్తరాలు హెచ్చుగా పంజాబు ఉత్తరాలే. మద్రాసు రాజధాని పటాలాలు ఎక్కువగా తూర్పు ఆఫ్రికాకు, మెసపొటేమియాకు వెళ్ళినవి. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవుమీద జరిగిన దాడిలో 63వ పాలంకోట పటాలం, 61వ పయనీరు పటాలం ఉన్నవి. అక్కడినుంచి ఇళ్ళకు చేరిన మాటలకు బొలోనులో జరిగినటువంటి సంకలనం జరుగలేదు. పంజాబు సిపాయి మాటకైనా మిగిలింది ఇంగ్లీషు అనువాదమే. అసలు ఉత్తరం ఇంటికి చేరి కాలగర్భంలో కలిసింది. మన సిపాయి మాటకు ఆ అనువాదపు నీడ కూడ దక్కలేదు.

పరిశీలకుని చేయి దాటిన ఉత్తరం ఓడమీద బొంబాయి చేరేది. అక్కడినుంచి రైలు. గుంతకల్లు దగ్గర దారి చీలి, నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేటల మీదుగా గుంటూరు వచ్చే మీటరుగేజి బండి ఒకటి. బెజవాడ, తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా మద్రాసు వెళ్ళే పెద్దలైను మరొకటి. స్టేషను నుంచి రెండెడ్ల బండి దారి, ఆ తరువాత కాలిబాట. వానకాలంలో రేగడి నేలలో అడుగు వేస్తే కాలు ఊడిరాదు. తపాలా బంట్రోతు చెప్పులు చేతబట్టుకొని రావలసినదే. వారానికి ఒకటి రెండుసార్లు వచ్చే ఆ మనిషికోసం ఎదురుచూడడం పటాలానికి బిడ్డను పంపిన ఇంటికి ఒక వ్రతం వంటిది.

వచ్చిన ఉత్తరాన్ని చదివిపెట్టేది బడిపంతులుగారో, కరణంగారో, ఒక్కొక్కప్పుడు తపాలా బంట్రోతే. అరుగుమీద కూర్చుండి బిగ్గరగా చదువుతారు. తండ్రి, అన్నదమ్ములు, ఇరుగుపొరుగులు చుట్టూ చేరుతారు. భార్య తలుపుచాటున నిలబడి వింటుంది. ఉత్తరం తండ్రిపేర గాని అన్నగారిపేర గాని ఉంటుంది. ఆమె పేర వ్రాయడం ఆనాడు మర్యాద కాదు. గేదె ఈనిందా, దిగువచేను కౌలుకిచ్చారా, పత్తి బారువ ఎంత పలికింది, చెల్లెలి సంబంధం ఏమైంది, అని అన్నీ అడిగి చిట్టచివర ‘ఇంటిలోనివారిని అడిగినట్లు చెప్పవలెను’ అని ఉంటుంది. ఆ ఆఖరు ముక్కకోసమే ఆమె అంతసేపు నిలబడింది. నలుగురిలో చదువబడే ఉత్తరంలో అంతకంటె ఎక్కువ వ్రాయడానికి వీలులేదు. అటువైపు వ్రాసిపెట్టేవాడు, నడుమ పరిశీలకుడు, ఇటువైపు చదివిపెట్టేవాడు, వినడానికి వాడకట్టు అంతా — ఇంతమంది చెవులు దాటి చేరిన మాట పొడిపొడిగా ఉన్నదంటే వ్రాసినవాని మనస్సు పొడిది అనుకోరాదు.

మన లేఖనసంప్రదాయంలో మరొక విశేషమున్నది. స్త్రీకి ఉత్తరం వ్రాసినప్పుడు పేరుకు ముందు వచ్చే విశేషణాన్నిబట్టి ఆమె స్థితి తెలిసిపోయేది. ముత్తైదువ అయితే ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అని, భర్త పోయినదైతే ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని వ్రాసేవారు. ఎక్కడో పేరు తెలియని ఎడారిలో ఒక్క తూటా తగిలితే ఇక్కడ ఒక ఇరవై ఏండ్ల ఇల్లాలి పేరుముందు ఆ మాట మారిపోయేది. పెళ్ళి ఉత్తరానికి మూలల పసుపు పూస్తాము. చావుకబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చించివేసి స్నానం చేయడం ఆచారం. ఆ కాగితం ఇంట్లో ఉండరాదు. తంతి వచ్చిందన్న మాట వింటేనే గుండె జారిపోయేది, ఎందుకంటే పల్లెకు శుభవార్త తంతిమీద రావడం అరుదు. 2013లో తంతి సేవ మన దేశంలో నిలిచిపోయేవరకు పెద్దవారిలో ఆ భయం పూర్తిగా పోలేదు. యుద్ధంలో ఇంటికి చేరిన కాగితాలలో అన్నింటికంటె ముఖ్యమైనది ఈ విధంగా మన చేతులతో మనమే చించివేసినాము.

ఇంటినుంచి సిపాయికి పోయే ఉత్తరం సంగతి మరొక విధం. దానిమీద ఊరిపేరు ఉండదు. మనిషి నంబరు, పటాలం పేరు, ఫీల్డు పోస్టాఫీసు సంఖ్య మాత్రమే. ‘మీవాడు ఏ దేశంలో ఉన్నాడు?’ అని ఎవరైనా అడిగితే ఆ అంకె చూపించవలసినదే. వ్రాయడం, వ్రాయించుకోవడం కుదరని తల్లి పంపగలిగిన జవాబు మరొకటి ఉండేది. కొడుకు స్వయంగా పంపిన మనియార్డరు అందినప్పుడు రసీదుమీద ఆమె బొటనవ్రేలి ముద్ర వేస్తుంది. ఆ రసీదు పంపినవానికి తిరిగి చేరుతుంది. తపాలాశాఖ 1880లో మనియార్డరు పద్ధతి ప్రారంభించినప్పుడు డబ్బు ముట్టిందన్న రుజువుకోసం దానిని ఏర్పాటుచేసింది. కాని వేల మైళ్ళ దూరంలో ఉన్న కొడుకుకు ఆ నల్లని ముద్ర అమ్మ బ్రతికి ఉన్నదని చెప్పే ఉత్తరమే. మనియార్డరు ఫారం అడుగున చించి ఇచ్చే చిన్న కూపను ఉండేది గదా! అందులో నాలుగు పంక్తులు వ్రాయడానికి చోటు. ఎందరి యుద్ధకథలో ఆ నాలుగు పంక్తులలో ఇమిడిపోయినవి.

రెండవ ప్రపంచయుద్ధం నాటికి పరిస్థితి కొంత మారింది. 1941 లెక్కలలో చదువు వచ్చినవారు నూటికి పదహారుగురయ్యారు. పటాలంలో స్వహస్తంతో వ్రాయగలిగినవారు పెరిగారు. 1945 నాటికి భారతసైన్యం 25 లక్షలు. అందరూ స్వచ్ఛందంగా చేరినవారే. మద్రాసు శాపర్లు ఎరిట్రియా కొండలలో, ఉత్తరాఫ్రికా ఎడారిలో, ఇటలీలో కాసినో ముందు బాటలు వేశారు, మందుపాతరలు ఏరారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మందుపాతరమీద తానే పడి తోటివారిని కాపాడి ప్రాణమిచ్చి, జార్జి క్రాసు పొందిన సుబేదారు సుబ్రహ్మణ్యం ఆ దళంవాడే. తమిళదేశపు బిడ్డ. మన తెలుగువారు ఆయన పక్కన పనిచేసినవారు.

ఈ యుద్ధంలో ఒక విచిత్రం జరిగింది. మొదటి యుద్ధంలో ఇల్లు భద్రం, సిపాయి ప్రమాదంలో ఉన్నాడు. ఇప్పుడు ఇంటికి కూడ ప్రమాదం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలమీద బాంబులు వేసినవి. బర్మా పోయినది, బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు, బియ్యానికి రేషను. 1943లో బెంగాలులో కరవు లక్షలమందిని మింగింది. పశ్చిమాసియాలో, ఇటలీలో ఉన్న మన సైనికుల ఉత్తరాలను పరిశీలించిన సైనికాధికారుల నివేదికలలో మాటిమాటికి కనిపించేది శత్రువును గురించిన భయం కాదు, ఇంటిదగ్గర ధరలను గురించిన దిగులు. తాను కడుపునిండ తింటున్నాడు, ఇంటిలోనివారు తింటున్నారో లేదో తెలియదు. సిపాయి తన గాయం సంగతి దాచి క్షేమమని వ్రాసేవాడు. ఇంటివారు పస్తుల సంగతి దాచి క్షేమమని వ్రాయించేవారు. ‘ఉభయకుశలోపరి’ అన్న మాట ఉభయులూ దేనినో దాచుకొని వ్రాసిన కాలమది. ఎదుటివానికి బెంగ కలిగించరాదన్నదే ఆ దాపరికానికి కారణం.

ఉత్తరమే రానివారి స్థితి ఇంతకంటె కఠినం. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైనది. రెండు రోజుల తరువాత ఫారర్ పార్కు మైదానంలో సుమారు 45 వేలమంది భారతసైనికులను బందీలుగా అప్పగించారు. ఆ ఇళ్ళకు ఒక్కసారిగా ఉత్తరాలు ఆగిపోయినవి. కనబడుటలేదన్న కాగితం వచ్చేది. చనిపోయినట్లు కాదు, బ్రతికినట్లూ కాదు. మూడు సంవత్సరాలపాటు ఆ ఇల్లాలికి ఏ విశేషణం వ్రాయవలెనో ఎవరికీ తెలియదు. ఆ బందీలలో ఎందరో ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. 1942లో జర్మనీనుంచి మొదలైన ఆజాద్ హింద్ రేడియో ప్రసారాలలో తెలుగు కూడ ఉండేది. తపాలా రాని కాలంలో ఇట్లా గాలిమీద వచ్చిన తెలుగుమాటను తలుపులు వేసుకొని చెవియొగ్గి విన్నవారున్నారు. ఆ మాట దేశాన్ని ఉద్దేశించినది. తమ బిడ్డ కుశలం అందులో ఉండదు. అది చెప్పగలది ఉత్తరమొక్కటే.

సందేశమన్నది మన సాహిత్యానికి కొత్త కాదు. కాళిదాసు మేఘునిచేత పంపించాడు. ఆనాటి గుంటూరు జిల్లా వినుకొండవాడైన జాషువ మహాకవి ఈ యుద్ధం నడుస్తున్న 1941లోనే గబ్బిలం చేత పంపించాడు. ఆ కావ్యంలో సందేశం పంపేది సమాజం వెలివేసిన పేదవాడు. పటాలాలలో చేరిన మన పల్లెబిడ్డలలో ఆ పేదవాని అన్నదమ్ములు ఎందరో ఉన్నారు. కావ్యంలోని సందేశం గ్రంథమై నిలిచింది. వారు పంపిన సందేశాలు ఏమైనవి?

మెసపొటేమియాలో చనిపోయి సమాధి దొరకనివారికోసం ఇరాకులోని బస్రాలో ఒక స్మారకాన్ని నిర్మించారు. దానిమీద తెల్ల సైనికులందరి పేర్లు చెక్కారు. మనవారిలో అధికారుల పేర్లు మాత్రం చెక్కి, సామాన్యసిపాయిలను ఏ పటాలంలో ఎంతమంది అన్న అంకెలతో సరిపెట్టారు. ఇటువంటి అసమానతలకు కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘం 2021లో క్షమాపణ చెప్పింది. మన దేశపు గ్రామాలలో అక్కడక్కడ నాటించిన ఆనాటి రాతిపలకలు సైతం అంతే. ఈ గ్రామంనుంచి ఇందరు మహాయుద్ధానికి వెళ్ళారు, ఇందరు ప్రాణాలిచ్చారు, అని లెక్క ఉంటుంది, పేర్లు ఉండవు. ప్రభుత్వపు రాతిమీద అంకెగా మిగిలిన ఆ మనిషికి పేరు, ఊరు, చెల్లెలి పెళ్ళి బెంగ, దిగువచేను చింత ఉన్నవని చెప్పగల సాక్ష్యం ఒక్కటే — అతడు ఇంటికి వ్రాసిన ఉత్తరం.

మన ఇళ్ళలో ఉత్తరాలను ఇనుపతీగకు గుచ్చి దూలానికి వ్రేలాడదీయడం నిన్నటివరకు ఉన్న అలవాటే. ఆ తీగలు కొన్ని ఇంకా అటకలమీద ఉన్నవి. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు చెదలు తిన్న కాగితాలని వానిని పొయ్యిలో వేస్తున్నారు. వేయకముందు ఒక్కసారి విప్పి చూడండి. ఫీల్డు పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరు, మనియార్డరు కూపను, పటాలం నంబరు వేసిన కాగితం కనిపిస్తే పక్కన పెట్టండి. అందులోని మనుష్యులు ఎవరో చెప్పగల పెద్దవారు ఇంట్లో ఉంటే, వారు ఉండగానే అడిగి వేరొక కాగితంమీద వ్రాసి జతచేయండి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 1918వ సంవత్సరంలోనే వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసింది. అక్కడి పెద్దలు పాత పత్రికలను భద్రపరచబట్టే ఆనాటి బహిరంగచరిత్ర మనకు దక్కింది. ఇంటింటి చరిత్రను భద్రపరచవలసినది ఇంటివారే. దాచలేమనుకున్నవారు అటువంటి గ్రంథాలయానికి అప్పగించవచ్చును.

ఆ ఉత్తరాలలో యుద్ధవర్ణనలు దొరుకుతాయని ఆశించవద్దు. వాతావరణం, గేదె, పంట, అప్పు, అడిగినట్లు చెప్పవలసినవారి పేర్ల జాబితా, ఇంతే ఉంటుంది. మొదటి పంక్తిలో తాను క్షేమమని వ్రాసి ఉంటాడు. ఆ రోజున ఆ మాట నిజమో కాదో అతనికే తెలియాలి. అయినా ఆ ఒక్క పంక్తిని ఇంటికి చేర్చడానికి అతడు పడిన పాట్లు, దానిని వినడానికి ఒక తల్లి, ఒక భార్య నిలబడి ఎదురుచూచిన దినాలు తెలిసినవారు ఆ కాగితాన్ని తేలికగా పారవేయలేరు.